ఓడ ఎవరి కోసం ఆగుతుంది?

కుమ్హారిలోని తెలుగువారు ఓడ ఎక్కాలంటే ముందు రైలెక్కి విశాఖ చేరాలి. 2022 జూన్‌లో అక్కడి నుంచి బయల్దేరిన ఎంప్రెస్ విహార నౌక ఒకప్పుడు కరీబియన్ రేవుల్లో తిరిగినదే. ఎక్కడైనా ప్రయాణికుల సందేహం ఒకటే: రేవులో దిగాక ఓడవారి టూర్ కొనాలా, సొంతంగా తిరగాలా?

ప్యూర్టోరికోలో పాత శాన్ జువాన్ రేవులో దిగితే 16వ శతాబ్దపు ఎల్ మోరో కోటకు నడిచే వెళ్లొచ్చు. దానికి టూర్ దండగ. దూరం వెళితే మాత్రం లెక్క మారుతుంది. ఓడవారి బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. మీ టాక్సీ కోసం ఆగదు. తర్వాతి రేవుకు విమానం ఖర్చు మీదే. అందుకే దగ్గరి చోట్లకు సొంతంగా, దూరానికి ఓడవారితో వెళ్లడం మేలు. గడియారం మాత్రం ఓడ టైముకే ఉంచుకోండి. రేవు టైము వేరుగా ఉండొచ్చు.