చవుక టిక్కెట్టు, నిజమైన వెల

విమానయానము ధనవంతులకు మాత్రమే చెల్లునను కాలము గతించినది. 2017వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీని ఉడాన్ పథకము క్రింద కడప నుండి హైదరాబాదునకు విమానము నడచుట మొదలయ్యెను. ఒక గంట ప్రయాణమునకు సుమారు సగము సీట్లను 2,500 రూపాయలకు మించని ఛార్జీతో అమ్మవలెనని ఆ పథకము విధించెను. అమెరికాలోను, గల్ఫు దేశములలోను ఉద్యోగములు చేయు బిడ్డలను చూడబోవు వృద్ధులు నేడు మన ప్రాంతములలో అనేకులు కలరు. వారి టిక్కెట్టును కొనువారెవరు? అనేక గృహములలో హైస్కూలు విద్యార్థియే. తాతగారికి ఫోనులోని సన్నని అక్షరములు కానరావు. తండ్రిగారికి తీరిక లేదు. కావున ఈ విషయమును గూర్చి మన పత్రికలో నాలుగు మాటలు వ్రాయుట అనుచితము గాదని తలంచుచున్నాము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. ఇంటర్నెట్టులోని ట్రావెల్ ఏజెన్సీలు వెలలను పోల్చి చూచుటకు మిక్కిలి యుపయుక్తములు. కాని, వెలలో గొప్ప భేదము లేనప్పుడు, కొనుట మాత్రము విమాన కంపెనీ యొద్దనే మేలు.

ఒకే విమానములో ప్రక్కప్రక్కన గూర్చున్న యిద్దరు వేర్వేరు వెలలు చెల్లించి యుందురు. దీనికి కారణము కలదు. అమెరికాలో 1978వ సంవత్సరపు చట్టము వలన విమాన ఛార్జీలపై ప్రభుత్వపు కట్టుబాటు తొలగెను. తరువాత 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంపెనీ, కంప్యూటర్ల సాయముతో, ముందుగా కొనువారికి కొన్ని సీట్లను మిక్కిలి తక్కువకును, మిగిలిన వానిని ఎక్కువకును అమ్ముట సాగించెను. నేడు లోకమంతట నిదే పద్ధతి. సీట్లు తరగతులుగా విభజింపబడును. చవుక తరగతి నిండిన పిమ్మట పై తరగతి వెల కనబడును. మంగళవారమునాడు కొనినచో తప్పక చవుకయను మాటకు ఆధారమైన నియమమేదియు లేదు. సంక్రాంతికి గాని, వేసవి సెలవులకు గాని పోవలసినవారు ముందుగా కొనుటయు, ఒకటి రెండు దినములు అటునిటు మార్చుకొనుటయు, గన్నవరము, రాజమహేంద్రవరము, హైదరాబాదు వంటి విమానాశ్రయముల వెలలను పోల్చుకొనుటయు నిజమైన యుపాయములు.

ఏజెన్సీలు చేసిన మేలును కాదనుట న్యాయము గాదు. 1996లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎక్స్‌పీడియాను నెలకొల్పెను. 2000లో స్థాపింపబడిన మేక్ మై ట్రిప్ మొదట అమెరికాలోని భారతీయులు స్వదేశమునకు వచ్చి పోవుటకే టిక్కెట్లు అమ్మెను. అంతకు పూర్వము టిక్కెట్టు కొరకు పట్టణమునకు బోయి, ఏజెంటు చెప్పినదే వెలగా నమ్మవలసి యుండెను. నేడు పది కంపెనీల వెలలు ఒక్క పుటలో గానవచ్చుచున్నవి. ఇది సామాన్యునికి లభించిన గొప్ప సౌకర్యము.

అయినను, మొదటి పుటలోని వెలయే కడపటి వెల కాదు. ఏజెన్సీలో 4,800 రూపాయలు, కంపెనీలో అంతయు గలిపి 5,000 రూపాయలు అని యనుకొందము. ఏజెన్సీవారు చివరి పుటలో 350 రూపాయల సౌకర్య రుసుమును జేర్చినచో మొత్తము 5,150 అగును. 200 లాభమని సంతోషించినవాడు 150 నష్టపోయినాడు! అడుగకయే భీమా చేర్చుట, "రెండే సీట్లు మిగిలినవి" యని తొందరపెట్టుట మొదలగునవియు గలవు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30వ తేదీని ప్రకటించిన మార్గదర్శకములలో ఇట్టి మాయోపాయములను 13 విధములుగా పేర్కొని నిషేధించినది. విమాన కంపెనీలును కొన్ని వేళల సౌకర్య రుసుమును గైకొనును. కావున సామానుల ఛార్జీతో గూడ చివరి పుటలోని మొత్తములనే పోల్చవలెను.

అసలు చిక్కు ప్రయాణము తప్పినప్పుడు గలుగును. ఏజెంటు ద్వారా కొనిన టిక్కెట్టు సొమ్మును తిరిగి యిప్పించు బాధ్యత విమాన కంపెనీదే యని పౌర విమానయాన డైరెక్టరేటు నియమములు చెప్పుచున్నవి. కాని యాచరణములో కంపెనీవారు ఏజెన్సీని, ఏజెన్సీవారు కంపెనీని చూపుట కద్దు. 2020 నాటి లాక్‌డౌనులో రద్దయిన టిక్కెట్ల సొమ్ము కొరకు ప్రయాణికులు సుప్రీంకోర్టు వరకు పోవలసి వచ్చెను. ఏజెంట్లకు ముట్టిన సొమ్మును వారు వెంటనే ప్రయాణికులకు చేర్పవలెనని ఆ యేడు అక్టోబరులో కోర్టు ఆదేశించెను. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య యను సామెత యూరక పుట్టలేదు.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు మరియొకటి గలదు. మనము ఇంటిపేరును ముందు వ్రాసికొందుము. తరచుగా దానిని ఒక్క యక్షరముగ కుదింతుము. విదేశీ టిక్కెట్టులో పేరు పాస్‌పోర్టులో నున్నట్లే యుండవలెను. బడిలో పిలుచు పేరు, ఇంటిలో పిలుచు పేరు అక్కడ పనికిరావు. తప్పు పడినచో సవరించుటకు మధ్యవర్తి యున్నచో పని రెండింతలగును. అట్లే రెండు వేర్వేరు టిక్కెట్లను జోడించి చవుకగా అమ్మునప్పుడు, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినచో రెండవ కంపెనీకి బాధ్యత లేదు. దారిలోని దేశములో సామాను దించి మరల అప్పగింపవలసి వచ్చును. ఆ దేశపు వీసాయు కావలసి యుండవచ్చును. ఇంగ్లీషు రాని నాయనమ్మను అట్టి ప్రయాణమునకు పంపి మిగిల్చిన సొమ్ము ఏమి సొమ్ము?

"బీద కుటుంబమునకు వేయి రూపాయలైనను గొప్పయే గదా" యని కొందరనవచ్చును. నిజమే. కాని టిక్కెట్టు వ్యర్థమైనచో మరల కొనజాలనివాడును బీదవాడే. వానికి కావలసినది చవుక మాత్రమే కాదు, భద్రమైన చవుక. భేదము పెద్దదైనచో ఏజెన్సీలోనే కొనవచ్చును. అప్పుడు రద్దు నియమములను చదివి, టిక్కెట్టుపై నుండు పి.ఎన్.ఆర్. సంఖ్యను విమాన కంపెనీ వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను. సహాయము కొరకు ఇంటర్నెట్టులో వెదకి దొరికిన ఫోను నంబరును నమ్మరాదు; మోసగాండ్రు దొంగ నంబర్లను అచ్చట నుంచుచున్నారు. మోసపోయినచో 1930 నంబరునకు వెంటనే తెలుపవలెను.

మొత్తము వెలను మొదటి పుటలోనే చూపవలసిన బాధ్యతను అధికారులు కఠినముగ నమలు జరుపవలెనని మేము కోరుచున్నాము. ఆ దినము వచ్చువరకు, విద్యార్థులారా, మీ చదువే మీ యింటివారికి రక్ష. పెద్దలు తమ సొమ్మును, తమ ప్రయాణమును మీ వ్రేలికొనపై నుంచుచున్నారు. చెల్లింపు మీటను నొక్కుటకు ముందు చివరి పుటను ఒకమారు బిగ్గరగా చదివి వారికి వినిపింపుడు. ఐదు నిమిషముల పని యది. దాని వలన తప్పు నష్టము వేల రూపాయలుండవచ్చును.