భేదము ద్రోహము కాదు

కృష్ణగిరి జిల్లాలో మన హోసూరు చెంతనున్న తొరపల్లి రాజాజీ జన్మస్థలమని మన విద్యార్థులు సగర్వముగా చెప్పుదురు. 1942లో ఆయన కాంగ్రెసును వీడెననియు, క్విట్ ఇండియాను అంగీకరింపలేదనియు చెప్పుటకు మాత్రము సంకోచింతురు. ఆ సంకోచము తగదని మా అభిప్రాయము.

1939లో భారతీయుల సమ్మతి లేకయే వైస్రాయి దేశమును యుద్ధమున దింపెను. 1942 ఆగస్టు 9న నాయకులు నిర్బంధింపబడగా, ఉద్యమభారమును సోషలిస్టులు అజ్ఞాతముగా మోసిరి. జయప్రకాశ్ నారాయణ్ దీపావళి రాత్రి ఐదుగురు సహచరులతో హజారీబాగ్ చెఱసాల గోడ దాటి, నేపాల్ సీమలో ఆజాద్ దస్తాను కూర్చెను. లోహియా రహస్య రేడియోలో ప్రసంగించెను. అరుణా అసఫ్ అలీ 1946 వరకును పోలీసులకు చిక్కలేదు. సామాన్యులును వెనుదీయలేదు. ఆగస్టు 12న తెనాలిలో తుపాకికాల్పులకు ఏడుగురు నేలకొరిగిరి. ఆంధ్రదేశమున శిక్షణ పొందునాడు మేము అచటి రణరంగచౌకులో శిరసు వంచితిమి.

జపాను సేనలు బర్మాను ఆక్రమించియుండగా, ఉన్న పాలన తొలగిన అరాజకము ప్రబలునని రాజాజీ శంకించెను. స్వేచ్ఛ లేని ప్రజలు శత్రువు నెదిరింపజాలరని ఉద్యమకారులు వాదించిరి. మా హృదయము వీరి పక్షమే. అయినను రాజాజీని ద్రోహి యనజాలము. తన మాటను దాచక పలికి, నిందలు భరించెను. ఆనాడు ఆయనతో విభేదించిన నాయకులే 1948లో ఆయనను గవర్నరు జనరలుగా నిలుపుకొనిరి.

విద్యార్థులారా! భిన్నముగా మాటాడువానిని పరాయివాడనుట ఎంత బాధాకరమో, ఇచట అల్పసంఖ్యాకులమైన మనకు తెలియనిదా? ఆ మాట మన నోట రాకుండుగాక!