రశీదుతో తీరని అప్పు

సంచికకు వ్యాసాలు రాయమంటే మా క్లాసువాళ్లు అంతరిక్షం మీదా, స్త్రీ విద్య మీదా రాశారు. నేను సహకార సంఘంలోని బీరువా గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఆ బీరువా మూలంగా మా అక్క పెళ్లి ఆరు నెలలు ఆగింది.

మా నాన్న 2015లో బోరుకూ మోటారుకూ మా ఊరి పరపతి సంఘంలో దీర్ఘకాలిక రుణం తీసుకున్నాడు. రెండెకరాల చేను తనఖా పెట్టాడు. మిరప తెగులు కొట్టిన ఏడు అమ్మ గాజులు తాకట్టుకు పోయాయి గాని సొసైటీ వాయిదా మాత్రం తప్పలేదు. 2021లో ఆఖరి వాయిదా కట్టి, రశీదు ట్రంకు పెట్టెలో వేసి, “గండం గడిచింది” అన్నాడు. తీరా 2024లో పెళ్లి ఖర్చులకు అరెకరం అమ్మబోతే, కొనేవాళ్లు ఈసీ తీయించారు. అందులో తనఖా చెక్కు చెదరకుండా ఉంది!

అప్పు తీరటం వేరు, తీరినట్టు రాతలో పడటం వేరు అని మాకప్పుడు తెలిసొచ్చింది. తనఖా దస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరయింది. కాబట్టి దాని విడుదల కూడా అక్కడే నమోదు కావాలి. రశీదు మాకూ సంఘానికీ మధ్య మాట. లోకానికి తెలిసేది రిజిస్ట్రారు పుస్తకంలో ఉన్నదే. డబ్బు కట్టించుకున్న సెక్రటరీగారు బదిలీ అయిపోయారు. కొత్తాయన లెడ్జరు తిప్పి, “కట్టావు గదా పెద్దాయనా, ఇంకేం గావాలి?” అన్నాడు. కావలసిన విడుదల పత్రం మాత్రం ఎవరూ రాయలేదు, ఔట్‌వర్డు రిజిస్టరులో దాని నంబరూ లేదు. నాన్న పదకొండు సార్లు తిరిగాడు. అందులో నాలుగు రోజులు కూలి మనుషుల్ని చేలో వదిలేసి వెళ్లినవే.

సెక్రటరీని తిట్టటం తేలికే. ఎరువులు అమ్మేదీ, ధాన్యం కాటా చూసేదీ, డిపాజిట్లు రాసేదీ ఆయనొక్కడే అయితే కాగితాలు సర్దేదెవరు? అసలు లోపం ఫైలింగును గుమాస్తా పని కింద చులకన చేసే మన బుద్ధిలో ఉందని నా అభిప్రాయం.

చట్టం ఆ పుస్తకాల్ని చులకనగా చూడలేదు. సంఘం తన నిబంధనావళిని ఎవరైనా పైసా ఇవ్వకుండా చూసుకునేట్టు ఆఫీసులో ఉంచాలని 1912 నాటి సహకార సంఘాల చట్టమే చెప్పింది. సక్రమంగా రాసిన పుస్తకంలోని పద్దుకు ధ్రువీకరించిన నకలు తీస్తే, దాన్ని కోర్టు ఆ పద్దు ఉన్నదనటానికి ప్రథమదృష్ట్యా సాక్ష్యంగా తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. అంటే ఆ బీరువాలో ఉన్నవి మన తరఫునో, మనకు ఎదురుగానో చెప్పే సాక్షులు!

లాబొరేటరీలో మా లెక్చరరుగారు రీడింగు కంటపడ్డ క్షణానే సిరాతో రాయమంటారు. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, చెరపకూడదు. (పరీక్ష ముందు రాత్రి మనం రికార్డులు ఎలా నింపుతామో ఇక్కడ చెప్పను.) సంఘం తీర్మానాల పుస్తకాలు కూడా ఆ రాత్రి రికార్డుల్లాగే నిండుతున్నాయని నా అనుమానం. 2022లో కేంద్ర ప్రభుత్వం 63,000 ప్రాథమిక సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్లు మంజూరు చేసింది. సంతోషమే. కాని రాయని విడుదల పత్రాన్ని ఏ కంప్యూటరు చూపిస్తుంది? ఆఖరి వాయిదా కట్టిన రోజే, ఔట్‌వర్డు నంబరుతో సహా ఆ ఉత్తరం నకలు రైతు చేతిలో పెట్టాలి. అడగటం రానివాళ్ల తరఫున చదువుకున్న మనం అడగాలి.

నేను అడిగాను. మొన్న సెలవుల్లో నాన్నతో వెళ్లి మహాజన సభ తీర్మానాల పుస్తకం చూపించమన్నాను. “చదువుకునేవాడివి, నీకెందుకబ్బాయ్?” అంటూనే చూపించారు. హాజరైన సభ్యుల్లో నాన్న సంతకం ఉంది. ఆ సభకు నాన్న వెళ్లనే లేదు. ఇంటికొచ్చే దారిలో అడిగితే కాసేపు మాట్లాడలేదు.

“యూరియా కట్టలకు పెట్టమన్నారు, పెట్టాన్రా,” అన్నాడు.