కంప్యూటరు గది సరే, శ్లాబు మోస్తుందా?

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. దేశం మొత్తం మీద 63 వేల సంఘాలకు 2,516 కోట్ల రూపాయల వ్యయం అంచనా వేశారు. రైతు అప్పు, వడ్డీ, చెల్లింపు లెక్కలు యంత్రంలోకి ఎక్కడం అందరికీ మేలే. కాని ఆ సామగ్రి పెట్టే గది నేల ఎంత బరువు మోయగలదో ముందుగా చూసుకోవడం అంతకన్నా అవసరం.

కంప్యూటరు, ప్రింటరు బరువు లెక్కలోకి రాదు. అసలు బరువు కరెంటు పోయినప్పుడు వాటిని నడిపే బ్యాటరీలది. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒక్కొక్కటి యాసిడుతో కలిపి 50 నుంచి 60 కిలోలు తూగుతుంది. అంటే ఇంచుమించు ఒక డి.ఎ.పి. బస్తా. ఎనిమిది బ్యాటరీలను రెండు అరల ఇనుప స్టాండులో పేర్చారనుకుందాం. అయిదారు చదరపు అడుగుల జాగాలో సుమారు 480 కిలోలు నిలుస్తాయి. ఆ పక్కనే పాత దస్త్రాలతో నిండిన బీరువాలు ఉంటే ఆ బరువు అదనం.

1987 నాటి భారత ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం ఏ గదికి ఎంత బరువు లెక్కగట్టాలో చెబుతుంది. నివాసపు గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, మామూలు ఆఫీసు గదికి 250, కంప్యూటరు యంత్రాల గదికి 350, దస్త్రాల గదికి 500 కిలోలు. జనం ఎక్కి తిరిగే డాబా పైకప్పుకు 150 కిలోలే. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకనాడు పైకప్పుగా వేసిన శ్లాబు మీద తరువాత గది కడితే, ఆ కప్పే నేల అవుతుంది. గది పేరు మారినంత మాత్రాన లోపలి ఇనుము పెరగదు. దూలాల మీద వేసిన పాత మిద్దెల సంగతి చెప్పనే అక్కరలేదు.

వరద నీరు, చెమ్మ, దొంగల భయం వల్ల యంత్రాలు మేడ మీదనే ఉండాలనే వాదనలో న్యాయం లేకపోలేదు. ఇన్నాళ్లూ బస్తాలు మోసిన మిద్దె ఇది మోయదా అనేవారూ ఉంటారు. అయితే బస్తాలు వచ్చి పోతాయి. బ్యాటరీలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటాయి. కదలని బరువుకు శ్లాబు మెల్లమెల్లగా కుంగుతుంది. కింద గదిలో అప్పు కోసం, ఎరువు కోసం వచ్చి కూర్చునేది రైతులే.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ప్రతి వస్తువు బరువు కాగితం మీద కూడాలి. శ్లాబు మందం, దూలం ఎక్కడుంది, ఎన్నేళ్ల కిందట కట్టారు, అడుగున పగుళ్లు, తుప్పు మరకలు ఉన్నాయా అన్నది ఇంజనీరు చూడాలి. తప్పనిసరిగా మేడ మీదనే పెట్టవలసివస్తే గది నడుమ గాక, కింద గోడ గాని దూలం గాని ఉన్నచోట, ఇంజనీరు చూపిన జాగాలో పెట్టాలి. స్టాండు కాళ్ల కింద ఇనుప రేకు వేస్తే బరువు నాలుగు కాళ్ల మీదే పడక కొంత పరుచుకుంటుంది. అనుమానం ఉంటే బ్యాటరీలు కిందనే, నీరు చేరని ఎత్తు అరుగు మీద, గాలి ఆడేచోట ఉంచడం క్షేమం.

లారీ మీద ఎంత లోడు వేయాలో రాసి ఉంటుంది. జనం కూర్చునే గది మీద మాత్రం ఆ అంకె కనిపించదు. సంఘమైనా, పాఠశాల అయినా, మండల కార్యాలయమైనా యంత్రాలు దింపకముందే ఇంజనీరు చేత నేల మోయగల బరువు రాయించి, సంతకంతో గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ కాగితం లేనిదే సామగ్రి పైకి ఎక్కించబోమని పాలకవర్గాలు తీర్మానం చేయాలి. సర్వసభ్య సమావేశంలో ఆ మాట అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉంది.