తెడ్డు పట్టిన చేతికి లైసెన్సేదీ?

శ్రీశైలం జలాశయం మీద తెల్లవారుజామున ఏం జరుగుతుందో చూసినవాళ్ళకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. పుట్టిలో ఇద్దరుంటారు. అతను రాత్రి కట్టిన వలను నీళ్ళలోంచి లాగుతుంటాడు. పుట్టి గిరగిరా తిరిగిపోకుండా తెడ్డుతో నిలబెట్టేది ఆమె. ఆమె చెయ్యి తప్పితే వలా రాదు, చేపా రాదు, ఒక్కోసారి మనిషే రాడు. కానీ ప్రభుత్వ కాగితంలో అతను ‘మత్స్యకారుడు’. ఆమె ‘మత్స్యకారుడి భార్య’.

ఇది మాటల తేడా కాదు, హక్కుల తేడా. దీనికి ఒక చరిత్ర కూడా ఉంది.

1981 వేసవిలో శ్రీశైలం ప్రాజెక్టు కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళను ఖాళీ చేయించారు. ఇళ్ళు కూలగొట్టి మరీ పంపారు. పట్టా ఎవరి పేర ఉంటే పరిహారం వారికే అన్నారు. పట్టాలు ఎవరి పేర ఉంటాయో మనకు తెలుసు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది 1985లో. అప్పటికే భూమి నీళ్ళ కింద ఉంది! నేల ఉన్నప్పుడు ఆమెకు పట్టా లేదు. నేల పోయినప్పుడు పరిహారం లేదు. ఆ నేల మీద నిలిచిన నీళ్ళలో చేపలు పట్టుకు బతుకుదామంటే ఇప్పుడు లైసెన్సూ లేదు. మూడుసార్లూ కారణం ఒక్కటే. కుటుంబం అంటే మగవాడు అని రాజ్యం లెక్క వేసుకుంది.

ఏడాది పొడవునా ఆమె ఏం చేస్తుందో చూద్దాం.

జూలై, ఆగస్టుల్లో జూరాల నుంచీ తుంగభద్ర నుంచీ వరద దిగుతుంది. నీళ్ళు ఎర్రబారతాయి. చేప గుడ్లు పెట్టే కాలం ఇది. వేట ఆపాలంటారు, ఆపాల్సిందే. మరి పొయ్యి ఆగుతుందా? ఆ రోజుల్లో అప్పు తెచ్చేది ఆమె, కూలికి పోయేది ఆమె, చిరిగిన వలలు ముందేసుకుని కన్ను కన్నూ అల్లేదీ ఆమే. సముద్రం మీద 61 రోజుల వేట నిషేధానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10,000 రూపాయల భృతి ప్రకటించింది. 2025లో దాన్ని 20,000 చేసింది. అది సముద్రంలో వేటాడేవాళ్ళకే. జలాశయం ఒడ్డున ఉన్నవాళ్ళ కడుపులకు నిషేధం లేదా?

చలికాలం వచ్చేసరికి నీళ్ళు తేటపడతాయి. బొచ్చె, శీలవతి, వాలుగ, జెల్ల వలకు తగులుతాయి. డబ్బు కళ్ళజూసే కాలం ఇదొక్కటే. కానీ వలకూ పుట్టికీ అడ్వాన్సు ఇచ్చిన షావుకారు ఒడ్డునే కాటాతో ఉంటాడు. ధర అతనిది, తరుగు అతనిది. అతను కొనకుండా వదిలేసిన చిన్న చేపను గంపకెత్తుకుని ఊరూరా తిరిగి ఆమె అమ్ముతుంది. ఇంటి ఉప్పూ పప్పూ ఆ గంపలోంచే వస్తాయి.

ఎండాకాలంలో నీరు వెనక్కి పోతుంది. మునిగిన సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది, మునిగిన ఊళ్ళ మొండిగోడలు బయటపడతాయి. ఒడ్డు దూరమవుతుంది. తాగే నీళ్ళకైనా, పట్టిన చేపకైనా బురదలో అంత దూరం నడవాలి. ఎండకు చేప గంటల్లో పాడవుతుంది. ఐసు దొరకదు. కోసి, కడిగి, ఉప్పు పట్టించి ఎండబెట్టేది ఆమె. తగ్గిన నీళ్ళలోకి అలివి వలలు దిగేదీ అప్పుడే. దోమతెర లాంటి ఆ వలలు వేలెడంత పిల్లచేపను కూడా వదలవు. వాటిని నిషేధించారు. అయినా పెట్టుబడిదారుల అండతో తిరుగుతూనే ఉన్నాయి. ఆ వలలు లాగే కూలీలు ఎవరు? అడ్వాన్సుకు కట్టుబడ్డ పేదలు. కొల్లాపూర్ వైపు కృష్ణలో చేపల వేట వెట్టిలో చిక్కిన చెంచు కుటుంబాలను ఈమధ్య కాలంలో కూడా విడిపించాల్సి వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో!

ఇంత పని చేసే మనిషి పేరు సంఘం పుస్తకంలో ఎందుకు లేదు? స్త్రీకి సభ్యత్వం ఇవ్వకూడదని 1964 సహకార సంఘాల చట్టంలో ఎక్కడా లేదు. చట్టం కట్టని గోడను ఆనవాయితీ కట్టింది. సభ్యత్వానికి ఈత వచ్చా, వల విసరడం వచ్చా, వల అల్లడం వచ్చా అని పరీక్ష పెడతారు. పెట్టండి! వల అల్లడంలో ఎవరు గెలుస్తారో చూద్దాం. తెడ్డు వెయ్యడం, చేప ఎండబెట్టడం, అమ్మడం మాత్రం ఆ పరీక్షలో నైపుణ్యాలు ఎందుకు కావు? 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆమోదించిన చిన్నతరహా మత్స్య మార్గదర్శకాలు వేటకు ముందూ వెనుకా జరిగే పనిని కూడా మత్స్య వృత్తిలో భాగంగానే లెక్కించాయి. మన మత్స్యశాఖకు ఆ లెక్క ఎప్పుడు వస్తుంది?

దీని ఫలితం చావులో బయటపడుతుంది. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాద మరణానికి 5 లక్షల బీమా పెట్టారు. అది నమోదైన మత్స్యకారులకు. గాలివానకు పుట్టి బోల్తా పడితే మునిగేది ఇద్దరూ. నమోదైంది ఒక్కడే. అతనొక్కడే పోతే సంఘంలో స్థానం కొడుకుది అంటారు. ఆమె మళ్ళీ ఒడ్డు మీదే.

“మహిళా మత్స్య సంఘాలు పెట్టాం కదా” అంటారు అధికారులు. పెట్టారు, నిజమే. అమ్ముకోవడానికి, అప్పు తీసుకోవడానికి! నీళ్ళ మీద హక్కు మగవాళ్ళ సంఘానికి, గంప మోసే హక్కు ఆడవాళ్ళ సంఘానికి. ఇది సమానత్వమా, శ్రమ విభజనకు ప్రభుత్వ ముద్రా?

ఈ పాపంలో మనకూ వాటా ఉంది. స్వచ్ఛంద సంస్థలుగా మనం ఆ గూడేలకు వెళ్ళాం. ఐసు పెట్టెలు ఇచ్చాం, చేప పచ్చళ్ళ శిక్షణ ఇచ్చాం, పొదుపు పుస్తకాలు తెరిచాం. లైసెన్సు ఎవరి పేర ఉందని మాత్రం అడగలేదు. నీటిలో వాటా అడగని పొదుపు షావుకారు వడ్డీ కట్టడానికే సరిపోతుంది.

“ఇద్దరికీ సభ్యత్వం ఇస్తే ఇంటికి రెండు వాటాలు పోతాయి” అని సంఘాల్లోని అన్నలు అంటున్నారు. మేము అడిగేది రెండు వలలు కాదు. అదే వల మీద, అదే పుట్టి మీద రెండు పేర్లు. అన్నలారా, అలివి వలల మీద మీరు చేసే పోరాటంలో ముందు నిలబడేది ఈ స్త్రీలే. సభ్యులు కాని మనుషుల బలంతో సంఘాన్ని ఎంతకాలం నిలబెడతారు?

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి. లైసెన్సు భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలి. ఒంటరి స్త్రీలకు, భర్త పోయినవారికి సొంతంగా ఇవ్వాలి. జలాశయాల సంఘాల్లో స్త్రీలను పూర్తి సభ్యులుగా, ఓటుతో సహా చేర్చుకోవాలి. నిషేధ కాలపు భృతి లోతట్టు నీళ్ళకూ వర్తించాలి, ఆమె ఖాతాలోనే పడాలి. అలివి వలల వెనక ఉన్న పెట్టుబడిదారుల మీద కేసులు పెట్టాలి, కూలీల మీద కాదు.

ఈసారి ఏ గూడేనికి వెళ్ళినా పొదుపు పుస్తకం కంటే ముందు సంఘం రిజిస్టరు చూపించమని అడుగుదాం. అందులో ఆడపేర్లు ఎన్నున్నాయో ఆ స్త్రీలతో కలిసే లెక్క పెడదాం. పోరాటం ఆ లెక్కతోనే మొదలవుతుంది.