గుళ్లు తొమ్మిదే.. జిల్లాలు మాత్రం పెరుగుతాయి!

అలంపూర్ వెళ్లారా ఎప్పుడైనా? కర్నూలు నుంచి కాస్త దూరమే. తుంగభద్ర ఒడ్డున జోగులాంబ అమ్మవారి గుడి, దాని పక్కనే నవబ్రహ్మ ఆలయాలు. తారక బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, పద్మ బ్రహ్మ, బాల బ్రహ్మ, గరుడ బ్రహ్మ, కుమార బ్రహ్మ, అర్క బ్రహ్మ, వీర బ్రహ్మ, విశ్వ బ్రహ్మ. పేరుకి బ్రహ్మలు, లోపల ఉండేది శివుడు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించారు. అప్పుడూ తొమ్మిదే, ఇప్పుడూ తొమ్మిదే. రేపు పదోది వచ్చి చేరదు.

ఇప్పుడు అదే అలంపూర్‌ని ఇంకో లెక్కలో చూడండి. 2016 అక్టోబరు దాకా అది మహబూబ్‌నగర్ జిల్లా. ఆ తర్వాత జోగులాంబ గద్వాల జిల్లా. తెలంగాణ వచ్చినప్పుడు జిల్లాలు 10. 2016లో 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో 13 కాస్తా 26 అయ్యాయి.

ఈ వారం మన టాపిక్ మొత్తం ఈ రెండు లెక్కల్లోనే ఉంది. గుళ్ల జాబితా ఫిక్స్‌డ్ అరే. జిల్లాల జాబితా డైనమిక్ అరే. రెండిట్లో ఏది ఎప్పుడు వాడాలో చాలామందికి తెలుసు. అసలు తిప్పలు వాటిని లైబ్రరీ ఫంక్షన్‌కి అప్పగించినప్పుడే మొదలవుతాయి.

తొమ్మిది కాస్తా రెండెందుకయ్యాయి?

సీ భాషలో తొమ్మిది పూర్ణాంకాలు పట్టే అరే రాశారనుకోండి. ఒక్కో అంకెకి 4 బైట్లు, మొత్తం 36 బైట్లు. సైజ్‌ఆఫ్ అడిగితే 36 అని చెబుతుంది. నాలుగుతో భాగిస్తే తొమ్మిది. లెక్క సరిపోయింది కదా!

ఇప్పుడు అదే అరేని ఒక ఫంక్షన్‌కి పంపి, లోపల అదే లెక్క వేయండి. ఈసారి సైజ్‌ఆఫ్ 8 అంటుంది. నాలుగుతో భాగిస్తే రెండు. తొమ్మిది గుళ్లలో ఏడు మాయం! ఎందుకంటే, ఫంక్షన్‌కి వెళ్లింది అరే కాదు, అది మొదలయ్యే చోటి అడ్రస్ మాత్రమే. ఇప్పటి 64 బిట్ ఫోన్లలో, కంప్యూటర్లలో అడ్రస్ సైజు 8 బైట్లు. మొదటి గుడి ఎక్కడుందో చెప్పారు గానీ, మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పలేదన్నమాట.

అందుకే సీ లైబ్రరీలో సార్టింగ్ ఫంక్షన్‌కి అడ్రస్‌తో పాటు ఎన్ని ఎలిమెంట్లు, ఒక్కోటీ ఎంత సైజు అని విడిగా చెప్పాలి. సీ ప్లస్ ప్లస్‌లో అయితే మొదలు, చివర రెండూ ఇవ్వాలి. ఈ ‘చివర’ అంటే ఆఖరి ఎలిమెంట్ కాదు, దాని తర్వాతి స్థానం. ఇండెక్స్ 0 నుంచి 8 దాకానే కదా, చివర ఎనిమిది అని ఇస్తే విశ్వ బ్రహ్మ సార్టింగ్‌లో చేరడు. తొమ్మిది అనే ఇవ్వాలి.

ఎంత పడుతుందో అడగని ఫంక్షన్లు

ఇంకో రకం ఫంక్షన్లు ఉన్నాయి. ఇవి మీ అరేలో రాస్తాయి, కానీ అందులో ఎంత చోటుందో అడగవు. గెట్స్, స్ట్రింగ్ కాపీ ఈ బాపతే. పాత టర్బో సీ పుస్తకాలతో చదువుకున్నవాళ్లకి గెట్స్ బాగా పరిచయం. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ని కుదిపేసిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. యూనిక్స్‌లో ఫింగర్ అనే సర్వీసు 512 బైట్ల అరేలోకి గెట్స్‌తో చదివేది. వర్మ్ 536 బైట్లు పంపింది. అంతే! మిగిలిన బైట్లు పక్క మెమరీ మీద పడ్డాయి, ప్రోగ్రామ్ వర్మ్ చెప్పినట్టు ఆడింది. చివరికి 2011లో వచ్చిన సీ11 ప్రమాణంలో గెట్స్‌ని పూర్తిగా తీసేశారు.

ఇది మన ఊరికి దూరం సంగతి అనుకోకండి. ఊరి పేరు కోసం 20 బైట్ల అరే పెట్టారనుకుందాం. ఇంగ్లిష్ అక్షరాల్లో అలంపూర్‌కి 7 బైట్లు, చివర సున్నా బైట్‌తో కలిపి 8. బోలెడు చోటు మిగిలింది. అదే పేరు తెలుగులో టైప్ చేయండి. యూనికోడ్‌లో అ, ల, సున్న, ప, ఊ గుర్తు, ర, పొల్లు. మొత్తం ఏడు. యూటీఎఫ్ 8లో ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 21, చివరి సున్నాతో 22. ఇరవైలో పట్టదు!

స్ట్రింగ్ కాపీ వాడితే రెండు బైట్లు గోడ దూకుతాయి. గెట్స్‌కి బదులు ఎఫ్‌గెట్స్ వాడితే అది 19 బైట్ల దగ్గర ఆగి, చివర సున్నా పెడుతుంది. గోడ కూలదు. కానీ 19 బైట్లంటే ఆరు గుర్తులు, ఏడోదాంట్లో మూడో వంతు. స్క్రీన్ మీద ‘అలంపూర’ అని, పక్కన ఒక ప్రశ్న గుర్తు డబ్బా. తెలుగు పేర్లు కొన్ని యాప్‌లలో సగంలో తెగిపోయి కనిపించడానికి ఇలాంటి లెక్కలూ ఒక కారణం. రేషన్ కార్డులో పేరు ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే తిరగాల్సింది ప్రోగ్రామర్ కాదు, ఆ పేరున్న మనిషి.

డైనమిక్ అయితే బాధ తీరినట్టేనా?

సగం తీరినట్టే. సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్, జావాలో అరేలిస్ట్, పైథాన్‌లో లిస్ట్.. ఇవి తమ సైజు తాము గుర్తుపెట్టుకుంటాయి, అవసరమైతే పెరుగుతాయి. ఎలా పెరుగుతాయో తెలిస్తేనే మిగతా సగం అర్థమవుతుంది.

కృష్ణా, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి అనే ఊరుండేది. అక్కడి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే చోట ఉందని, రాయి రాయి విప్పి, తెచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. గుడి అదే, శిల్పాలూ అవే, అడ్రస్ మాత్రం మారింది. పాత గుర్తులు పట్టుకుని కూడవెల్లి వెళ్తే కనిపించేవి నీళ్లే.

వెక్టర్ కూడా అచ్చం ఇదే పని చేస్తుంది. పది జిల్లాలతో నిండిన వెక్టర్‌లో పదకొండోది వేయగానే ఇంకో చోట పెద్ద స్థలం తీసుకుని, పాతవన్నీ అక్కడికి మార్చి, పాత చోటు వదిలేస్తుంది. జీసీసీలో స్థలం రెట్టింపవుతుంది: 10, 20, 40. మొత్తం 33 జిల్లాలకి రెండే మకాంలు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఒకటిన్నర రెట్లు: 10, 15, 22, 33. మూడు మకాంలు. ఒక్కొక్కటిగా పెంచుతూ పోతే 23 సార్లు సామాను మోయాలి. పైథాన్‌లో నమ్‌పై వాడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. దాని అపెండ్ ఫంక్షన్ ప్రతిసారీ మొత్తం అరేని కొత్తగా కాపీ చేస్తుంది. లూప్‌లో పెడితే ప్రోగ్రామ్ నత్తనడకే.

ఇక మహబూబ్‌నగర్ అడ్రస్‌ని ముందే ఒక పాయింటర్‌లో దాచుకుని, తర్వాత కొత్త జిల్లా చేర్చారనుకోండి. ఆ పాయింటర్ చూపించేది కూడవెల్లినే. ఒక్కోసారి పాత విలువే కనిపించి ‘పనిచేస్తోంది’ అనిపిస్తుంది. అదే ఇంకా ప్రమాదం. అడ్రస్ దాచకండి, ఇండెక్స్ దాచుకోండి.

రిజర్వ్ చేస్తే సీటు వచ్చినట్టు కాదు

ఇంటర్వ్యూల్లో పనికొచ్చే ముక్క ఒకటి. వెక్టర్‌కి రిజర్వ్ 33 అని చెబితే స్థలం మాత్రమే కేటాయిస్తుంది, సైజు సున్నాగానే ఉంటుంది. ఆ స్థలంలో నేరుగా ఇండెక్స్‌తో రాస్తే తప్పు, అయినా చాలాసార్లు ఎర్రర్ కనిపించదు. తర్వాత సార్ట్‌కి మొదలు, చివర ఇస్తే రెండూ ఒకే చోటు. సార్ట్ ఏమీ చేయకుండా వచ్చేస్తుంది. గంటసేపు తల పట్టుకుంటారు! నేరుగా రాయాలంటే రీసైజ్ చేయండి. రిజర్వే కావాలంటే పుష్ బ్యాక్‌తో ఒక్కొక్కటి చేర్చండి.

జావాలో దీనికి తోబుట్టువు లాంటిది అరేస్ డాట్ యాజ్‌లిస్ట్. చూడ్డానికి లిస్టే, కింద ఉండేది మాత్రం ఫిక్స్‌డ్ అరే. అందులో యాడ్ అంటే ‘అన్‌సపోర్టెడ్ ఆపరేషన్’ అని ఎక్సెప్షన్ విసురుతుంది. కొత్త అరేలిస్ట్‌లోకి కాపీ చేసుకుంటే సరి.

మరి ఏం చేయాలి?

సంఖ్య మారదని గట్టిగా తెలిస్తే ఫిక్స్‌డ్ వాడండి. వారానికి ఏడు రోజులు, చదరంగంలో 64 గడులు, అలంపూర్‌లో తొమ్మిది బ్రహ్మలు. సీ ప్లస్ ప్లస్‌లో అయితే పాత అరేకి బదులు స్టాండర్డ్ అరే తీసుకోండి, అది ఫంక్షన్‌లోకి వెళ్లినా సైజు మర్చిపోదు. సంఖ్య మనుషుల చేతిలోనో, ప్రభుత్వాల చేతిలోనో ఉంటే డైనమిక్. ‘పదే కదా జిల్లాలు’ అని 2015లో రాసిన కోడ్‌కి మరుసటి ఏడాదే 31 వచ్చి పడ్డాయి.

సీ లైబ్రరీకి వెక్టర్‌ని ఇవ్వాల్సి వస్తే దాని డేటా అడ్రస్, సైజు రెండూ కలిపి ఇవ్వండి. ఏ ఫంక్షన్‌ని పిలిచే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదలు ఎక్కడ? ఉన్నవి ఎన్ని? పట్టేవి ఎన్ని? ఈ మూడింటిలో ఫంక్షన్ అడగనిదాన్ని మీరే కాపలా కాయాలి.

ఈ వారం హోంవర్క్: మీ ఊరి పేరు తెలుగులో రాసి, ఎన్ని బైట్లవుతుందో లెక్కపెట్టండి. పైథాన్ ఉంటే ఎన్‌కోడ్ చేసి పొడవు అడగండి, ఒక్క లైను పని. తర్వాత మీ పాత ప్రాజెక్టు తెరిచి, ఆ పేరు పట్టేంత చోటు పెట్టారో లేదో చూసుకోండి.