గుమ్మం ముందు పెట్టె

అమెరికాలోని డల్లాస్‌లో ఒక తెలుగు కుటుంబంవారి ఇంట మేము బస చేసియుండగా, అమ్మగారి షుగరు మందుల పెట్టె గుమ్మం ముందునుండి మాయమైంది. బట్టలైతే పోతే పోయాయనుకొందుము.

అక్కడ అనేక ఇండ్లకు ముందు ప్రహరీ ఉండదు. ఇంటివారు పనులకు వెళ్లియుండగా, సామాను తెచ్చినవారు వరండాలో దించి, ఫోటో తీసుకొని వెళ్లిపోతారు. వెనుకనే వచ్చే దొంగలకు 'పోర్చ్ పైరేట్లు', అనగా వరండా ఓడదొంగలని పేరు! తలుపుగంటలోని కెమేరాలో దొంగ ముఖం స్పష్టంగానే పడింది. ముఖం చూస్తే మందులు వస్తాయా?

తపాలాశాఖ తెచ్చిన పెట్టెను దొంగిలిస్తే అక్కడి కేంద్రచట్టం క్రింద 5 సంవత్సరాల వరకు జైలు. ప్రైవేటు కంపెనీ తెచ్చినదానికి ఆ చట్టం వర్తించదు, రాష్ట్రచట్టమే దిక్కు. టెక్సాస్ రాష్ట్రం 2019 సెప్టెంబరు 1 నుండి దానినీ తపాలా దొంగతనంగానే ఎంచి శిక్షిస్తున్నది.

అయితే చట్టం పగలంతా గుమ్మంలో కూర్చోదు గదా. ఎదురింట ఒక వృద్ధురాలు ఎప్పుడూ ఇంటిపట్టునే ఉంటారు. "ఆమెను అడుగరాదా?" అన్నాము. మూడేండ్లుగా ఎదురెదురుగా ఉన్నా, ఆమె పేరు వీరికి తెలియదు. మరునాడు అమ్మగారు గిన్నెలో గారెలు పెట్టుకొని, మమ్మును తోడు తీసుకొని రోడ్డు దాటారు.